బద్ధకం అనేసే ముందు

"బ్రహ్మముహూర్తంలో లేవండి, లిస్ట్ రాసుకోండి, 25 నిమిషాల టైమర్ పెట్టుకోండి" అని ఈజీగా చెప్పేస్తాం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి ఏం చేయాలో తెలుసు, మొదలుపెట్టడమే కష్టం. లిస్ట్ రాయడం కూడా ఇంకో పనే కదా! ఎలాగో కుదిరిన ఏకాగ్రతని ఆ టైమరే చెడగొడుతుంది కొందరికి.

మరి ఇది తమోగుణమా? నేను ఒప్పుకోను. బద్ధకస్తుడికి పని ఆగిందన్న బెంగ ఉండదు. వీళ్లకి ఆ బెంగతోనే నిద్ర పట్టదు.

గీత 6వ అధ్యాయంలో, మనసుని పట్టడం గాలిని పట్టినంత కష్టమని అర్జునుడు అంటే, కృష్ణుడు ముందు సందేహమే లేదని ఒప్పుకున్నాడు. అభ్యాసం మాట ఆ తర్వాతే. మనం ఒప్పుకోవడం వదిలేసి సలహాతో మొదలుపెడతాం.

మా టీమ్‌లో ఒకతను అడిగేది ఒక్కటే: "అన్నా, సలహాలొద్దు, కాసేపు పక్కన కూర్చో." నా పని నేను చేసుకుంటుంటే చాలు, అతని కోడ్ కదులుతుంది.