స్వప్నమున వినబడిన పేరు

తల్లిదండ్రులు శిశువునకొసగు కానుకలలో జీవితాంతము వెంటవచ్చునది పేరొక్కటియే. నగలు అరిగిపోవును, వస్త్రములు చిరిగిపోవును, పేరు నిలుచును. అయినను తన పేరును తానుగా పలుకు సందర్భములు తక్కువ. దానిని పలుకువారందరును ఇతరులే. కావున నామకరణము కన్నవారి ముచ్చట మాత్రమే కాదు, అది ధర్మవిషయము కూడ.

మేమెరిగిన ఒక వైష్ణవ గృహమున జరిగిన విషయమిది. రెండు పర్యాయములు గర్భము నిలువక దుఃఖించిన కోడలు మూడవసారి గర్భవతియైనది. ఎనిమిదవ నెలలో ఒకనాటి తెల్లవారుజామున ఆమెకొక కల వచ్చినది. తిరుమలలో స్వామిపుష్కరిణి మెట్లపై కూర్చున్న ఒక ముదుసలి ఆమె దోసిట నీరు పోసి, "పుష్కరిణీ!" అని పిలిచినదట. నెలలు నిండి ఆడశిశువు క్షేమముగా జన్మించినది. బిడ్డకు ఆ పేరే పెట్టవలెనని కోడలి పట్టుదల. కీర్తిశేషురాలైన తన భార్య పేరు పెట్టుకొనవలెనని మామగారి కోరిక.

"ఏమమ్మా, కొలను పేరు బిడ్డకు పెట్టుదుమా? రేపు బడిలో పిల్లలు పరిహసింపరా?" అని ఆయన ప్రశ్న.

"ఆ పేరు నేను కల్పించినది కాదు మామయ్యగారూ. స్వామి పంపినది. కాదనుటకు మనమెవరము?" అని ఆమె సమాధానము.

ఇరువురి మాటలోను న్యాయమున్నది. ఇంతకును స్వప్నమున వినబడిన మాట భగవదాజ్ఞయా? లేక మనస్సు కల్పించిన భ్రమయా?

ఈ సందేహమునకు మన ఆచార్యులు చక్కని దారి చూపియున్నారు. బ్రహ్మసూత్రములలో మూడవ అధ్యాయము, రెండవ పాదము స్వప్నవిచారముతోనే ఆరంభమగుచున్నది. స్వప్నసృష్టి మాయామాత్రమని శ్రీశంకరులు వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున మరియొక విధముగా నిర్ణయించిరి. స్వప్నమున గోచరించునవి శూన్యములు కావు. జీవుని పుణ్యపాపముల కనుగుణముగా సర్వేశ్వరుడే వానిని సృజించును. అయితే ఆ స్వప్నమును కన్నవాడు మాత్రమే, ఆ కాలమున మాత్రమే వానిని అనుభవించును. స్వప్నములు శుభాశుభములను సూచించునని సూత్రకారుడును అంగీకరించెను.

ఈ నిర్ణయమును మన గృహములకు అన్వయించి చూతము. స్వప్నము భగవత్సృష్టియే యగుటచే దానిని పరిహసించుట తగదు. రెండు మారులు కడుపుకోత ననుభవించిన తల్లికి ఆ తెల్లవారుజామున కలిగిన ఊరటను భ్రమయని త్రోసివేయుటకు ఎవరికిని అధికారము లేదు. కాని ఆ సృష్టి కలగన్నవారి కొరకే. స్వామి ఆమె దోసిట పోసిన నీరు ఆమెదే. ఆ కలను ఆజ్ఞగా జేసి, దానిని కనని భర్తను, మామగారిని, మాటరాని పసిబిడ్డను శాసించుట వేరొక విషయము. సూచన వేరు, శాసనము వేరు.

మన పూర్వులీ భేదమును ఎంత చక్కగా పాటించిరో శ్రీవేదాంతదేశికుల జన్మవృత్తాంతమే చెప్పును. ఆయన తల్లిదండ్రులు అనంతసూరి, తోతారంబ. ఆ పుణ్యదంపతులు తిరుమలలో శ్రీవారిని సేవించినప్పుడు, సన్నిధి ఘంటను మ్రింగినట్లు తోతారంబ కలగన్నదని సంప్రదాయము. 1268వ సంవత్సరమున కంచి సమీపమున తూప్పుల్ అను చోట జన్మించిన ఆ శిశువును ఘంటావతారమని నేటికిని భక్తులు కొనియాడుచున్నారు. కాని తల్లిదండ్రులు బిడ్డకు ఘంట పేరు పెట్టలేదు, వేంకటనాథుడని పేరిడిరి. కల వచ్చినది తల్లికి. పేరు వచ్చినది స్వామి నుండి. వేదాంతదేశికుడు, కవితార్కికసింహుడు అను ప్రఖ్యాతి నామములు తరువాత విద్యచేత, జీవితముచేత ఆయన సంపాదించుకొన్నవి.

అట్లని అరుదైన పేరు దోషమని చెప్పరాదు. ఆడపిల్ల పేరు సుఖముగా పలుకదగినదై, క్రూరార్థము లేనిదై, అర్థము స్పష్టమై, మనోహరమై, మంగళకరమై, దీర్ఘాంతమై యుండవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయమున చెప్పబడినది. పేరు పదిమందిలో ఉండవలెననిగాని, ఎవరికిని ఉండరాదనిగాని అందు లేదు. భాగవతమున అజామిళుడు మరణభయముతో పిలిచినది తన కడగొట్టు కుమారునే. ఆ కుమారుని పేరు నారాయణుడగుటచే విష్ణుదూతలు వచ్చిరి. పిలుపు ఇంటిలోనివారి నాలుకను కూడ పావనము చేయునదిగా నుండవలెనని దాని తాత్పర్యము.

కావున కలలో విన్న పేరును పెట్టదలచినవారు ముందుగా ఒక్క ప్రశ్న వేసికొనవలెను: కల సంగతి ఎవరికిని చెప్పకున్నను ఈ పేరు నిలుచునా? అర్థముచేత, మంగళముచేత నిలిచినచో పెట్టవచ్చును. కలయే దానికి ఏకైక ఆధారమైనచో, ఆ కలను తల్లి హృదయముననే పదిలపరచుకొనుట మేలు. లేనిచో బిడ్డ జీవితాంతము ఒకరి కలకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. "నీవు దైవము పంపిన పిల్లవు" అని నిత్యము వినుచు పెరుగుటయును పసిప్రాణమునకు చిన్న బరువు కాదు.

ఆ ఇంటిలో వివాదము ఇరువదియొకటవ దినపు బారసాల వరకును సాగునట్లే తోచినది. అంతకు ముందు వచ్చిన శుక్రవారమున మామగారు నిత్యానుష్ఠానములో శ్రీసూక్తము పఠించుచు ఒక్కచోట ఆగిపోయిరి. అందు అమ్మవారిని పుష్కరిణి యని స్తుతించుట కలదు. పద్మములు గలది యని ఆ మాట కర్థము. పఠనము ముగించి ఆయన కోడలిని పిలిచి, "అమ్మాయీ, నీవొక్కసారి విన్న పేరును నేను నలువదియేండ్లుగా పలుకుచునే యున్నాను. పలికితినే గాని వినలేదు" అనిరి. ఆమె కన్నులు చెమర్చినవి. "అత్తయ్యగారి పేరు కూడ బియ్యములో వ్రాయుదము మామయ్యగారూ" అనినది.

మాసనామము, నక్షత్రనామము, వ్యవహారనామము అని ఒకటికంటె ఎక్కువ పేర్లు పెట్టు ఆచారము మనకున్నదే గదా! బారసాల నాడు పళ్ళెరములోని బియ్యమున బంగారుటుంగరముతో రెండు పేర్లును వ్రాసిరి. ఒకటి కలలో వినబడినది, శ్రుతిలో కనబడినది. మరియొకటి ఆ ఇంటి దీపమై వెలిగిన ఇల్లాలిది. తండ్రి బిడ్డ చెవిలో రెండింటిని మెల్లగా చెప్పెను. పెరిగి పెద్దదైన పిమ్మట ఆమె ఏ పేరుతో పిలిపించుకొనునో ఆమె ఇష్టము.

స్వామి కలలో ఇచ్చినది తల్లికి ధైర్యము. బిడ్డకు ఇవ్వవలసిన పేరును పెద్దలు, శాస్త్రము, ప్రేమ కలిసి నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించిన పేరుతో పిలిచినపుడు బిడ్డయు పలుకును, స్వామియు పలుకును.