యుద్ధనౌక చూడబోయే ముందు

వేసవి సెలవులు దగ్గర పడితే మన విచారణ కుటుంబాలలో ప్రయాణాల మాట వస్తుంది. పెద్దలు గుణదల అంటారు, వేళాంగణి అంటారు. పిల్లలు మాత్రం విశాఖపట్నం పోయి జలాంతర్గామి చూడాలంటారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు బస్సులో సుమారు 100 కిలోమీటర్లు, అక్కడినుంచి రైలులో మరో 600 కిలోమీటర్లు. టిక్కెట్లు ఎంత, బస ఎక్కడ, ఎన్ని రోజులు అని అన్ని లెక్కలూ వేసుకుంటాం. ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోం. మనుషులను చంపడానికి తయారు చేసిన వస్తువును పిల్లలకు వేడుకగా చూపించవచ్చునా? చూపిస్తే ఏమని చెప్పి చూపించాలి?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పేవారు రెండు రకాలు. ఆయుధాల జోలికి విశ్వాసులు పోనే కూడదని కొందరు అంటారు. మన దేశం గెలిచింది, చూసి గర్వపడితే చాలు, ఆలోచనలెందుకని మరికొందరు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కాని రెండూ సగం మాటలే.

మొదట అక్కడ ఉన్నదేమిటో తెలుసుకుందాం. విశాఖ రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలిపి ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు సేవ చేసి 2001లో విరమించింది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అంత ఇరుకులోనే డెబ్భై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఉండేవారు. గుండ్రని తలుపుల్లో వంగి దూరాలి, ఒకరి వెనుక ఒకరు నడవాలి. అక్కడి పడకలు చూస్తే మన ఇళ్ళలో ఊయల మంచం కూడా విశాలమే అనిపిస్తుంది. వెలుతురు లేదు, గాలి కొలతే, భార్యాబిడ్డల కబురు లేదు. మనం ఇంట్లో నిశ్చింతగా నిద్రపోవడానికి ఎవరో ఇలా బతికారని తెలుసుకోవడం పిల్లలకు మంచిదే. అది కృతజ్ఞత, కృతజ్ఞత సుగుణం.

అయితే ఆ ఒడ్డు మీద నిలబడి సముద్రంవైపు చూసినప్పుడు మరో జలాంతర్గామి సంగతి కూడా చెప్పాలి. అది కనబడదు, దానికి టిక్కెట్టు లేదు. పాకిస్తాన్‌కు చెందిన ఘాజీ 1971 డిసెంబరు మొదటి వారంలో విశాఖ రేవుకు సమీపంలోనే మునిగిపోయింది. మన విక్రాంత్ నౌకను వెదుక్కుంటూ అది వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై మన దేశం చెప్పేది ఒకటి, వాళ్ళు చెప్పేది ఇంకొకటి. లోపల ఉన్న తొంభై మందికి పైగా మనుషులలో ఒక్కరూ బతకలేదన్న దాంట్లో మాత్రం తేడా లేదు. అదే నెల 9వ తేదీన అరేబియా సముద్రంలో మన ఖుక్రీ నౌక మునిగి 190 మందికి పైగా మనవాళ్ళు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఇతరులను కాపాడే ప్రయత్నం చేస్తూ ఓడతోనే మునిగిపోయారు. ఇటు తల్లులు ఏడ్చారు, అటు తల్లులూ ఏడ్చారు.

'చంపడానికి వచ్చినవాడి కోసం కూడా బాధపడాలా?' అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఘాజీ స్నేహానికి రాలేదు. దాన్ని అడ్డుకోవడం మనవారి ధర్మం. కాని అడ్డుకోవడం వేరు, చచ్చినవాడిని చూసి సంతోషించడం వేరు. సౌలు రాజు దావీదును ఎన్నిసార్లు చంపజూశాడో మనకు తెలుసు. ఆ సౌలు యుద్ధంలో కూలాడన్న వార్త తెచ్చినవాడు బహుమతి దొరుకుతుందనుకున్నాడు. దావీదు బట్టలు చింపుకొని ఏడ్చాడు, ఉపవాసమున్నాడు. దావీదు పిరికివాడు కాడు, యుద్ధమంటే తెలియనివాడూ కాడు. ధైర్యమూ కన్నీరూ ఒకే మనిషిలో ఉండగలవని ఆయన కథ చెబుతుంది.

శ్రీసభ బోధ కూడా ఈ రెంటినీ విడదీయలేదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో ఒకవైపు దేశరక్షణకోసం సైన్యంలో పనిచేసేవారు తమ బాధ్యతను సరిగా నిర్వర్తిస్తే శాంతికి తోడ్పడుతున్నట్లేనని చెప్పింది. మరోవైపు నగరాలను మొత్తంగా నాశనంచేసే యుద్ధాన్ని దేవునికీ మానవునికీ వ్యతిరేకమైన నేరంగా ఖండించింది. దివంగత పోపు ఫ్రాన్సిస్ 2020 నాటి తమ విశ్వలేఖలో, నేటి ఆయుధాల శక్తిని చూస్తే ఒక యుద్ధాన్ని న్యాయమైనదని చెప్పడం చాలా కష్టమైపోయిందని హెచ్చరించారు. సైనికుణ్ణి గౌరవించమంటుంది శ్రీసభ, యుద్ధాన్ని ప్రేమించవద్దంటుంది.

ఒక మ్యూజియం కూడా ఇలా ఆలోచించగలదు. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో పెద్ద సైనిక చరిత్ర మ్యూజియం ఉంది. పాత ఆయుధాగారమే ఆ భవనం. 2011లో దాన్ని తిరిగి తెరిచినప్పుడు భవనాన్ని చీల్చుకుంటూ గాజు, ఉక్కులతో ఒక పెద్ద మేకులాంటి కట్టడాన్ని దింపారు. దాని మొన 1945 ఫిబ్రవరిలో ఆ నగరంపై బాంబులు పడడం ప్రారంభమైన చోటువైపు చూపుతుంది. ఆ దాడుల్లో సుమారు 25,000 మంది మరణించారు. ఆయుధాలతోపాటు వాటి దెబ్బ తిన్నవారి బాధనూ, చివరకు యుద్ధంలోకి ఈడ్చబడిన జంతువుల కష్టాన్నీ అక్కడ చూపిస్తారు. విశాఖలో ఆ రెండో భాగం గోడమీద కనబడకపోతే, దాన్ని పిల్లలకు చెప్పే బాధ్యత తల్లిదండ్రులది.

అందుకు అభ్యాసం మన ఊరినుంచే మొదలుపెట్టవచ్చు. ఉదయగిరి కొండ కూడా యుద్ధ ప్రదర్శనశాలే. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించారు, 1514లో అది లొంగింది. గెలిచిన రాజు పేరు మనకు తెలుసు, ఓడిన రాజు పేరూ పుస్తకాల్లో ఉంది. నెలల తరబడి ఆకలికి మాడిన కోట లోపలివారి పేర్లు, గోడలెక్కుతూ పడిపోయిన కాల్బంటుల పేర్లు ఎక్కడా లేవు. ఆ గోడలు చూపించి 'వీళ్ళెవరి బిడ్డలు?' అని పిల్లల్ని ఒక్కసారి అడిగితే, విశాఖలో ఏం చూడాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక ప్రయాణ సంగతులు. కుర్సురకు సోమవారం సెలవు. వేళలు ముందుగా విచారించుకొని బయలుదేరాలి. మోకాళ్ళ నొప్పులున్న అవ్వాతాతలకు లోపల నడవడం కష్టం, వారిని బలవంతం చేయవద్దు. లోపల వివరించి చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. వారిని టార్పెడో ఎంత దూరం పోతుందని మాత్రమే కాక, 'అయ్యా, లోపల భయమేసేదా? ఇంటి మీద బెంగ పడేవారా?' అని కూడా పిల్లల చేత అడిగించండి. ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమాన మ్యూజియం, ఆ తీరంలోనే 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉన్నాయి. అక్కడ ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. ఫొటోల తర్వాత సముద్రంవైపు తిరిగి రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి.

నవంబరులో సమాధుల పండుగనాడు మన వారి గోరీలమీద కొవ్వొత్తులు వెలిగిస్తాం. పక్క గోరీమీద ఎవరూ వెలిగించకపోతే మన కొవ్వొత్తుల్లో ఒకటి అక్కడా పెడతాం. ఆ గోరీ మనతో పోట్లాడినవాడిదైనా సరే. సముద్రం అడుగున ఉన్నవారికి గోరీలు లేవు. ఖుక్రీవారికీ లేవు, ఘాజీవారికీ లేవు. ఇద్దరికోసం ఒక పరలోక జపం చెప్పి తిరిగిరండి. మన బిడ్డలు ధైర్యవంతులు కావాలి. ఆ ధైర్యానికి జాలి కూడా తోడుండాలి.