మూగజీవి కన్ను – మానవుని అలంకారము

కడప నుండి అహోబిల క్షేత్రమునకు పోవు యాత్రికులు మైదుకూరు దాటిన పిమ్మట దువ్వూరు మీదుగా చాగలమర్రి, ఆళ్లగడ్డ చేరుదురు. కర్నూలు–కడప కాలువ నీటితో పచ్చబడిన వరిచేలును, పసుపు తోటలును ఆ త్రోవలో కన్నులకు చలువ చేయును. ఆ యాత్రికుల సంచులలో పూజాద్రవ్యములతో పాటు తలకు వేసికొను నల్లరంగు పొట్లము కూడ ఈ కాలమున ఉండుట వింత కాదు. ఇట్టి పొట్లముపై చిన్న అక్షరములతో ఒక హెచ్చరిక ముద్రింపబడి యుండును. ఈ రంగును కనురెప్పల వెండ్రుకలకును, కనుబొమలకును వాడరాదనియు, వాడినచో చూపు పోవచ్చుననియు దాని భావము. అట్లు ముద్రింపవలెనని మన దేశపు నిబంధనలే విధించినవి.

దానిని చదువువారు అరుదు. కాని ఆ ఒక్క మాట వెనుక చూపు పోగొట్టుకొన్న స్త్రీల కథ ఒకటియు, చూపు పోగొట్టబడిన కుందేళ్ళ కథ ఒకటియు కలవు. మనుష్యుని కన్నును కాపాడుటకై మూగజీవి కన్నును మండించుట ధర్మమా, అధర్మమా అను ప్రశ్న ఆ రెండు కథల నడుమ నిలిచియున్నది. హరి సర్వభూతములయందును కలడని నమ్మినవారు ఈ ప్రశ్నను తప్పించుకొని పోరాదు.

ఒకప్పుడు కడప సీమ రంగునకు పేరు పొందినది. 19వ శతాబ్దమున ఈ మండలమున నీలిచెట్టును విస్తారముగా సాగు చేసి, తొట్లలో నానవేసి, నీలిమందు తీసి, మదరాసు రేవు మీదుగా ఎగుమతి చేయుచుండిరి. లండను వర్తకులు దానిని కడప పేరుతోనే, తమ నోరు తిరిగిన రీతిగా ‘కుర్పా’ అని పిలిచిరి. 1897లో జర్మనీ దేశపు కర్మాగారమొకటి కృత్రిమమైన నీలిని అంగడికి తెచ్చినది. చెట్టునీలి క్రమముగా వెనుకబడినది. నేలబొగ్గు తారు నుండి తీసిన ద్రవ్యములతో వందలకొలది రంగులు పుట్టినవి. పారాఫినిలీన్ డయమీన్ అను ద్రవ్యము ఆ కోవకు చెందినదే. నేటి తలరంగులలో పెక్కింటికి నలుపు నిచ్చునది ఇదియే.

1933 ప్రాంతమున అమెరికా దేశములో లాష్ లూర్ అను పేరుతో కనురెప్పల వెండ్రుకలకు వేయు రంగును అమ్మిరి. అందున్నదియు ఈ ద్రవ్యమే. దానిని వేసికొన్న స్త్రీలలో కొందరి కన్నులు వాచి, పుండ్లు పడి, చూపు పోయినది. ఒకామె ప్రాణమే పోయినది. అప్పటి చట్టమునకు సౌందర్య సాధనములపై అధికారము లేకుండుటచే ప్రభుత్వము చేతులు ముడుచుకొని చూడవలసి వచ్చినది. 1938లో క్రొత్త చట్టము చేయబడినది. అయితే ఏ ద్రవ్యము కంటికి కీడు చేయునో ముందుగా తెలియుట యెట్లు? 1944లో ఆ దేశపు ఆహారౌషధ శాఖలోని జాన్ డ్రేజ్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఒక పరీక్షా పద్ధతిని ప్రకటించెను. అది ఆయన పేరుతోనే లోకమున వ్యాపించినది.

ఆ పద్ధతి ఇట్టిది. తెల్లని కుందేలును తల మాత్రము వెలికి ఉండునట్లు పెట్టెలో బిగింతురు. ఒక కంటి క్రింది రెప్పను లాగి, పరీక్షింపవలసిన ద్రవ్యమును మిల్లీలీటరులో పదవ వంతు అందు వేయుదురు. రెండవ కంటిని పోల్చి చూచుటకై విడుతురు. 24, 48, 72 గంటలకు ఒకసారి చూచి, ఎఱ్ఱదనము, వాపు, నల్లగ్రుడ్డుపై మసక ఎంతవరకు వచ్చినవో లెక్క వేయుదురు. మొత్తము 110 మార్కులు. అందు 80 కార్నియా అను పారదర్శకమైన పొరకు కలిగిన హానికే. ఒక్కొక్కప్పుడు 21 దినముల వరకు చూతురు. కుందేలు మనుష్యుని వలె తరచుగా రెప్ప వేయదు; కన్నీరును అల్పమే. కావున కంట పడిన ద్రవ్యము వెంటనే కడుగబడిపోదు. మోయుటకు వీలుగా ఉన్నదని ఈ ప్రాణిపై ఈ భారము పెట్టబడినది.

ఇచ్చట పూర్వపక్షము బలమైనదే. “ఈ పరీక్ష లేకున్నచో మరికొందరు స్త్రీలు గ్రుడ్డివారు కారా? దువ్వూరు పొలములలో పురుగుమందు చల్లు కూలివాని కంట ఆ తుంపర పడినచో ఏమగునో ముందుగా తెలిసికొనుట దయ కాదా? పురుగుమందుల నమోదుకు కోరు పరీక్షలలో కంటి పరీక్ష కూడ ఒకటి కదా? కుందేటిపై జాలిపడి కూలివానిని మరచుట ఏ ధర్మము?” అని అడుగువారు కలరు. ఈ మాటను త్రోసివేయరాదు. పేదవాని కన్ను అతని కుటుంబమునకు కూడు పెట్టు కన్ను. దానిని కాపాడవలెననుట నిస్సందేహముగా ధర్మము.

అయినను కాపాడుట యొకటి, కాపాడుటకు వెల నెవరు చెల్లింపవలెననునది వేరొకటి. శిబి చక్రవర్తి కథ ఎల్లరును ఎరిగినదే. పావురము శరణు జొచ్చినది. డేగ తన ఆకలిని చెప్పుకొన్నది. రాజు డేగను కసరి తరుమలేదు. దాని ఆకలి న్యాయమైనదేనని ఒప్పుకొన్నాడు. వేరొక పావురమును తెచ్చి డేగ ముందు పడవేయలేదు. తన తొడ మాంసమునే కోసి త్రాసులో పెట్టినాడు. కథలోని మర్మమంతయు ఆ త్రాసులోనే ఉన్నది. కుందేటి పరీక్షలో కూడ ఇరు ప్రక్కల ప్రాణులు కలవు. కాని త్రాసులో పెట్టబడుచున్నది ఫలము పొందువాని దేహము కాదు, ఆ ఫలముతో ఏ సంబంధమును లేని వేరొక పావురము.

అందరును శిబులు కాజాలరు, నిజమే. శాస్త్రమును సామాన్యుని నుండి అంత కోరదు, ఆపద్ధర్మమును అంగీకరించినది. అయితే ఆపద అను పేరు చెప్పుకొనువాడు రెండు ప్రశ్నలకు బదులు చెప్పవలెను. ఈ పని అవసరమైనదా? దీనికి వేరు దారి లేదా? రోగము కుదుర్చు మందు విషయమున మొదటి ప్రశ్నకు బదులు సులభము. నెరసిన వెండ్రుకను నల్లగా చూపుట, రెప్పకు వన్నె పెట్టుట మొదలైన వాని విషయమున ఆ బదులు నాలుకపైకి రాదు. నెరసిన తల ఎవనికిని ఆపద కాదు.

రెండవ ప్రశ్నకు మాండవ్య మహర్షి కథ వెలుగు చూపును. చేయని దొంగతనమునకై ఆయన కొఱతపై నిలువవలసి వచ్చినది. ఏ పాపమునకు ఈ ఫలమని ఆయన ధర్మదేవతను అడుగగా, బాల్యమున పురుగులను గడ్డిపరకతో గ్రుచ్చితివని ఆ దేవత చెప్పినది. ఇక్కడ రెండు సత్యములు కలవు. గడ్డిపరకతో గ్రుచ్చబడిన పురుగు బాధ కూడ ధర్మదేవత లెక్కలోనికి ఎక్కినది. అది అల్పమని విడువబడలేదు. అయితే ఎరుగని బాలునికి ఇంత శిక్షయా అని మహర్షి ధర్మదేవతనే శపించి, పదునాలుగేండ్ల వరకు చేసినది పాపముగా లెక్కింపబడరాదని కట్టడి చేసెను. ఆ శాపముచే ధర్ముడు విదురుడై పుట్టెను. కావున తెలియనివానికి మన్నన కలదు. తెలిసినవానికి ఆ మన్నన లేదు.

1944లో శాస్త్రజ్ఞులు వేరు దారి ఎరుగరు. వారిని నిందించుట న్యాయము కాదు. కాని ఎరుక పెరిగినది. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు, ప్రాణికి బదులు వేరు సాధనమును వాడుట, ప్రాణుల సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట అను మూడు నియమములను ప్రతిపాదించిరి. 1971లో అనేక ప్రయోగశాలలకు ఒకే ద్రవ్యములను పంచి కుందేటి పరీక్ష చేయించి చూడగా, ఒక చోట తీవ్రమని తేలినది వేరొక చోట అల్పమని తేలినది. 1980లో హెన్రీ స్పైరా అను ఉపాధ్యాయుడు అమెరికాలో పత్రికాముఖమున రెవ్లాన్ సంస్థను ఈ విషయమై నిలదీసెను. ఆ సంస్థ వేరు పద్ధతులను వెదకుటకై రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు ధనమిచ్చెను. 2009లో, ఆహారమునకై వధింపబడిన పశువుల, కోళ్ళ కన్నులపై చేయు పరీక్షలకు అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములు ఏర్పడినవి. వైష్ణవులకు అదియు మనసొప్పని మార్గమే. అయినను పరీక్షకై క్రొత్తగా ఒక ప్రాణిని బాధించుట అందు లేదు. 2015లో, మనుష్య కణములనే గాజుపాత్రలో పొరలుగా పెంచి, కార్నియా వంటి కణజాలము నేర్పరచి, దానిపై చేయు పరీక్షకును అట్టి మాన్యత లభించినది. మనుష్యుని అలంకారమునకు మనుష్యుని కణమే సాక్షి చెప్పుట యుక్తమైనది కదా!

ఇట్టి వివాదము మన పెద్దలకు క్రొత్త కాదు. మహాభారతము శాంతిపర్వమున నారాయణీయోపాఖ్యానములో, యజ్ఞమున ‘అజ’ శబ్దమునకు అర్థమేమి అని దేవతలకును ఋషులకును వాదము పుట్టినది. మేక అని దేవతలు, ధాన్యబీజములని ఋషులు పలికిరి. ఆకాశసంచారియైన ఉపరిచర వసువును మధ్యవర్తిగా కోరిరి. ఆయన పరమభాగవతుడు, తన యజ్ఞమున పశువును చంపని మహానుభావుడు. అట్టివాడు దేవతల మెప్పు కొరకు మేక అని తీర్పు చెప్పి, తత్‌క్షణమే భూవివరమున పడెను. బీజముతో సాగు కార్యమునకు ప్రాణిని చూపినందుకే ఆ పతనము. మధ్వ సంప్రదాయమున పిండితో చేసిన పశువును యజ్ఞమున గ్రహించుటయు ఈ త్రోవలోనిదే. బదులు దొరకినపుడు ఆ బదులునే గ్రహింపవలెననునది సిద్ధాంతము.

మన దేశము ఈ సిద్ధాంతమును కొంతవరకు చట్టముగా చేసికొన్నది. రాజ్యసభ సభ్యురాలిగా శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి వలన 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. వీలైన చోటనెల్ల ప్రాణులపై ప్రయోగములను మానవలెనని అందు కలదు. అయితే చిన్న ప్రాణులతో పని జరుగునపుడు పెద్ద ప్రాణులను వాడరాదనియు ఆ చట్టమే చెప్పుచు, ఆ చిన్న ప్రాణులలో కుందేలును కూడ పేర్కొన్నది. చిన్నదానిపైకే భారము జారుట లోకరీతి కాబోలు! 2014 మే నెలలో సౌందర్య సాధనములను ప్రాణులపై పరీక్షించుట మన దేశమున నిషేధింపబడినది. ఆ సంవత్సరము నవంబరు నుండి, అట్లు పరీక్షింపబడిన సాధనముల దిగుమతియు నిషేధింపబడినది.

ఇంతతో పని ముగిసినదని తలపరాదు. ఆ నిషేధము అలంకార ద్రవ్యములకు సంబంధించినది మాత్రమే. మందుల విషయము, పురుగుమందుల విషయము వేరు. అచ్చట కూలివాని కన్నునకును కుందేటి కన్నునకును నడుమ త్రాసు ఇంకను ఊగుచునే ఉన్నది. ఆ త్రాసును నిలుపు బాధ్యత శాస్త్రజ్ఞులదే కాదు. మందు చల్లువానికి కంటి అద్దములు కొని యిచ్చు రైతు, అవసరమునకు మించి మందు చల్లింపని రైతు, కూలివానికిని కుందేటికిని ఒక్కసారే ఉపకారము చేయుచున్నాడు.

గృహస్థునకు చేతనైన పని మరొకటి కలదు. అది శిబి త్రాసునకు చాల దగ్గరిది. మరణానంతరము నేత్రదానము చేసినచో, 6 గంటలలోపు కార్నియాను సేకరించి చూపు లేనివారికి అమర్తురు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ సేవ జరుగుచున్నది. అమర్చుటకు పనికిరాని నేత్రములు అనుమతితో పరిశోధనకు ఉపయోగపడును. కన్నులిచ్చినవాడు మరుజన్మమున అంధుడై పుట్టునని కొందరు భయపడుదురు. జీవుని వెంట వచ్చునది కర్మ గాని, చితిలో భస్మమగు దేహభాగము కాదు. దానము చేసినందుకు దండన విధించు దైవము మన శాస్త్రములలో లేడు.

అహోబిలమున వెలసిన స్వామి సగము మృగము, సగము నరుడు. స్తంభమునందును హరి కలడని ప్రహ్లాదుడు పలికిన మాటను నిజము చేయుటకు స్వామి ఆ రూపమునే గ్రహించెను. స్తంభమునందున్న హరి కుందేటి కన్నునందు లేకుండునా? దువ్వూరు దాటి ఆ కొండకు పోవు భక్తుడు, దర్శనమునకు ముందు తన చేతి పొట్లముపైనున్న చిన్న అక్షరములను ఒకసారి చదువుట మేలు. చదివిన పిమ్మట అతడు ఎరుగనివాడు కాడు. మాండవ్యుడు చేసిన కట్టడిలోని మన్నన అతనికి ఇక వర్తింపదు.