రాసే ఉంది కదా

సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల చీరల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఫొటో ఎంత పెద్దగా ఉన్నా చాలదనే శేఠ్‌లు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమన్న ముక్క దగ్గరికొచ్చేసరికి తెలుపు మీద లేత బూడిదరంగు వేయమంటారు. కనబడదండీ అంటే, "రాసే ఉంది కదా!" అంటారు.

కనబడనిది ఉన్నట్టా, లేనట్టా? ఇది మన దర్శనాల్లో బాగా నలిగిన ప్రశ్నే.

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో ఏడోది, ఉన్నదే కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు చెబుతుంది. మరీ దూరం; మరీ దగ్గర (కంటికి పెట్టుకున్న కాటుక ఆ కంటికే కనబడదు); ఇంద్రియం దెబ్బతినడం; మనసు నిలవకపోవడం; సూక్ష్మత; అడ్డు; ఎండలో చుక్కల్లాగా బలమైనదాని వెలుగులో మునిగిపోవడం; తనలాంటి వాటిలో కలిసిపోవడం. ఈ చివరిదానికి వ్యాఖ్యాతలు పెసల రాశిలో పడ్డ పెసరగింజను చూపించారు. తెలుపు మీద లేత బూడిద అచ్చంగా అదే. ఎనిమిదింటిలో కంటి లోపం ఒకటి, మనసుది ఒకటి. తక్కిన ఆరూ బయటివే. అయినా గొడవొస్తే "మీరు చూసుకోలేదు" అని కొన్నవాళ్లనే అంటాం.

వెబ్‌సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 నియమాలు మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య ప్రకాశంలో కనీసం 4.5:1 తేడా ఉండాలంటాయి. తెలుపు మీద నలుపు 21:1. శేఠ్‌లు ముచ్చటపడే బూడిద 1.6 దగ్గరే ఆగిపోతుంది. ఆ 4.5ని దాదాపు ఎనభై ఏళ్లవాళ్ల చూపును దృష్టిలో పెట్టుకుని కట్టారు. లెక్కలో రెండు వైపులా 0.05 కలుపుతారు, అది తెర మీద పడి తిరిగొచ్చే చుట్టుపక్కల వెలుతురు కోసం. ఉధనా స్టేషన్ బయట మిట్టమధ్యాహ్నం ఫోను తెరిస్తే అదీ చాలదనిపిస్తుందనుకోండి.

సూరత్‌లోనే లింబాయత్‌లో మగ్గాల మీదే బతికిన మా నాన్న, రంగులు విడిగా కనబడి తీరాలంటే ఒప్పుకోడు. "సెల్ఫ్ డిజైన్ చీర అందమే అది గదరా, రంగుల రంగు" అంటాడు. నిజమే. ఒకే రంగు దారమైనా నేత మారిన చోట వెలుగు వేరేగా తిరుగుతుంది. బట్టను ట్యూబులైటు కింద ఏటవాలుగా పడితే బుటా తేలుతుంది. ఆ బూడిద వాక్యం చూపిస్తే, అలవాటు కొద్దీ ఫోనును కూడా అలాగే వంచాడు. ఉన్న కాస్తా మాయమైంది.

సాంఖ్యులు ఆ ఎనిమిది కారణాల జాబితా వేసుకున్నది జగత్తుకు మూలమైన ప్రకృతి కోసం. అది కనబడకపోవడం సూక్ష్మత వల్లే గానీ లేకపోవడం వల్ల కాదని వాళ్ల వాదం. శేఠ్ మాటకీ పైకి ఈ పోలికే ఉంది. కానీ అదే గ్రంథం, నర్తకి సభకు తన ఆట చూపి తప్పుకున్నట్టు ప్రకృతి పురుషుడికి, అంటే చూసే చైతన్యానికి, తనను చూపించుకుని విరమిస్తుందని కూడా అంటుంది. అంత సూక్ష్మమైనదానికే చూపించుకోవడం బాధ్యత అయినప్పుడు, కొనేవాడి కోసమే పుట్టిన వాక్యానికి ఉన్నానన్న మాట ఎలా సరిపోతుంది? వాపసు షరతు చదివేవాడు లేకుండా తనంతట తానుగా ఉండే వస్తువు కాదు. ఈ విషయంలో నేను సాంఖ్యుల పక్షమే, శేఠ్‌ల పక్షం కాదు.

మొన్న ఒకాయనతో, ధర కూడా ఆ రంగులోనే వేయమంటారా అన్నాను. నవ్వాడు. ధర మాత్రం నలుపులోనే, ఇంకొంచెం లావుగా వేయమన్నాడు.