మళ్ళీ పాడిన పాట ఎవరిది?



బెంగళూరులోని తెలుగువారి ఇండ్లలో ఎక్కువగా చేతులు మారే వస్తువు ఏదని అడిగితే, ఊరి నుండి వచ్చిన ఆవకాయ తరువాత పాటే అని చెప్పవలెను. ఒకరు పాడగా పేరుపొందిన పాటను మరియొకరు తమ గొంతుతో, తమ వాయిద్యములతో మళ్ళీ పాడి రికార్డు చేస్తారు. దీనినే మన పిల్లలు కవర్ సాంగ్ అంటున్నారు. మారతహళ్ళిలోని అద్దె గదిలో ఒక యౌవనస్థుడు గిటారు పట్టుకొని ఘంటసాల పాట పాడితే, సాయంత్రమునకు అది కె.ఆర్. పురములోని పిన్నిగారి ఫోనుకు, మరునాటికి నెల్లూరులోని అమ్మమ్మ ఫోనుకు చేరుతుంది. అమ్మమ్మ సంతోషముతో కన్నీళ్ళు పెట్టుకుంటుంది. తాతయ్య మాత్రము "ఘంటసాల ఘంటసాలే, వీడెవడు?" అంటారు.

ఇద్దరి మాటలోను కొంత న్యాయము ఉన్నది. మంచి పాటను ఇష్టపడి వినుట, నలుగురితో పంచుకొనుట మంచిదే. కాని ఆ పాట ఎవరిది? మళ్ళీ పాడినవాడు దానిని బ్రతికించినవాడా, లేక ఇతరుల కష్టమును వాడుకొన్నవాడా? విని ఆనందించే మనము ఎవరికైనా బాకీ పడుతున్నామా? ఈ విషయము మనము కొంచెము నిదానముగా ఆలోచించవలసి యున్నది.

మైసూరు నుండి వచ్చిన తెలుగు పాట

మనము నివసించే ఈ కన్నడ దేశమునుండే ఒక ఉదాహరణ తీసుకొందాము. 1980లో విడుదలైన 'శంకరాభరణం' చిత్రమును ఎరుగని తెలుగువారు లేరు. అందులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడిన 'బ్రోచేవారెవరురా' అనే పాట ఇప్పటికీ మన పిల్లలు వేదికల మీద పాడుతున్నారు. ఇది ఎవరి పాట అని అడిగితే చాలామంది బాలు గారి పాట అంటారు. మరికొందరు చిత్రమునకు సంగీతము కూర్చిన కె.వి. మహదేవన్ పాట అంటారు.

నిజానికి అది మైసూరు వాసుదేవాచార్యుల కృతి. ఆయన 1865లో పుట్టి 1961లో కన్నుమూశారు. మైసూరు సంస్థానములో ఆస్థాన విద్వాంసులు. కన్నడ దేశమున పుట్టినను ఆయన ఎక్కువగా తెలుగులోను సంస్కృతములోను రచించారు. చిత్రము రాకముందే ఆ కృతి కచేరీలలో ఎందరో విద్వాంసుల నోట నలిగిన పాట. అనగా మనము సినిమా పాట అనుకొనేది కూడా ఒక విధముగా కవర్ సాంగే. మైసూరులో పుట్టిన తెలుగు పాట మద్రాసు చిత్ర పరిశ్రమ ద్వారా ఆంధ్ర దేశము చేరి, మన పిల్లల నోట తిరిగి కర్ణాటకకు వచ్చినది. ఇన్ని చేతులు మారినను కృతి చరణములో 'వాసుదేవ' అనే ముద్ర మాత్రము పోలేదు. పాడినవారందరు, తెలిసియో తెలియకయో, రచయిత పేరు చెప్పుచునే ఉన్నారు.

మన వాగ్గేయకారులు ఎంత ముందుచూపు గలవారో చూడండి. పాట చేతులు మారునని వారికి తెలుసు. మార్చవద్దని వారు అనలేదు. పేరును పాటలోనే కట్టివేసి పంపించారు.

పాడకపోతే పాట లేదు

మొదట తాతయ్యల అభ్యంతరమును చూద్దాము. అసలు పాట ఉండగా నకలు ఎందుకు అని వారి ప్రశ్న. కాని పాట పటము వంటిది కాదు. గోడకు తగిలించి ఉంచితే అది నిలువదు. ఎవరో ఒకరు నోరు తెరిచి పాడితేనే ఉంటుంది. త్యాగరాజు 1847లో కన్నుమూశారు. మన దేశమునకు గ్రామఫోను రికార్డింగు 1902లో గాని రాలేదు. కనుక ఆయన గొంతు విన్నవారు ఈనాడు ఎవరును లేరు. శిష్యులు నేర్చుకొని, వ్రాసుకొని, తమ శిష్యులకు చెప్పగా ఆ కీర్తనలు మన వరకు వచ్చినవి. అక్కడ మళ్ళీ పాడినదే గాని అసలు అనేది మన చేతిలో లేదు.

మన ఆరాధనలలోని పాటల సంగతియు అంతే. జాన్ న్యూటన్ వ్రాసిన 'అమేజింగ్ గ్రేస్' 1779లో అచ్చయినది. ఈనాడు లోకమంతా పాడే రాగమును ఆ మాటలకు జతచేసి 1835లో తన సంగీత పుస్తకములో ప్రచురించినవాడు అమెరికాలోని విలియం వాకర్ అనే బాప్టిస్టు పాటల నాయకుడు. న్యూటన్ 1807లోనే చనిపోయాడు. మనకు తెలిసిన రూపములో ఆ పాటను ఆయన ఎన్నడును వినలేదు. ఒకని మాటలకు మరియొకడు రాగము చేర్చినందువలన పాట చెడిపోయినదా? లేదు, అది భూమి అంతట వ్యాపించినది.

కనుక కొత్త గొంతును వినకముందే త్రోసివేయుట న్యాయము కాదు. ముఖ్యముగా మన వలస కుటుంబములలో దీని వలన నష్టము ఎక్కువ. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము మాట్లాడే పిల్లవాడు ఒక పాత తెలుగు పాటను కష్టపడి నేర్చుకొని, గిటారు మీద పాడి వినిపిస్తాడు. 'ళ' పలుకవలసిన చోట 'ల' పలికి ఉండవచ్చును. మనము వెంటనే నవ్వి, అసలు పాట పెట్టి "ఇలా పాడాలిరా" అంటే వాడు మళ్ళీ పాడడు. అప్పుడు అసలు పాట రికార్డులో భద్రముగానే ఉంటుంది గాని, దానిని పాడే నోరు మన ఇంటిలో ఉండదు. ఉచ్చారణ తరువాత దిద్దవచ్చును. మొదట పూర్తిగా వినవలెను.

పాడినవాని బాకీ

అయితే మళ్ళీ పాడుట మంచిదని చెప్పి ఊరుకొంటే సగము మాటే చెప్పినట్లు. 1980వ దశకములో గుల్షన్ కుమార్ గారి టి-సిరీస్ సంస్థ పాత హిందీ పాటలను కొత్త గాయకులతో పాడించి చవక కేసెట్లు విడుదల చేసినది. అప్పటి కాపీరైటు చట్టములోని ఒక వెసులుబాటు దానికి ఉపయోగపడినది. దీనివలన మేలు లేకపోలేదు. సామాన్యులకు పాట అందుబాటు ధరకు దొరికినది. సోనూ నిగమ్ వంటి గాయకులు రఫీ పాటలను మళ్ళీ పాడియే మొదట జనమునకు తెలిసినారు. కాని అట్ట మీది చిన్న అక్షరములు చదవని మనిషి, రఫీ గొంతు అనుకొని మరియొకరి గొంతు కొనుక్కొనే ప్రమాదము కూడా ఉండేది.

2012లో చట్టము సవరించినప్పుడు ఈ విషయములో నియమములు గట్టిపడినవి. పాట మొదట రికార్డయిన సంవత్సరము ముగిసిన తరువాత 5 సంవత్సరములు గడవవలెను. హక్కుదారులకు ముందుగా తెలియజేసి, సంవత్సరమునకు కనీసము 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ చెల్లించవలెను. అట్ట మీద మొదటి గాయకుని పేరు గాని బొమ్మ గాని ఉండకూడదు. ఇది కవర్ వెర్షన్ అని స్పష్టముగా వ్రాయవలెను. గమనించండి, చట్టము మళ్ళీ పాడవద్దనలేదు. చెల్లించవలసినది చెల్లించి, ఉన్నది ఉన్నట్లు చెప్పి పాడమన్నది.

2017 మార్చిలో ఈ ప్రశ్న మనకు మరింత దగ్గరకు వచ్చినది. తాను స్వరపరచిన పాటలను అనుమతి లేకుండ వేదికల మీద పాడవద్దని ఇళయరాజా తరఫున బాలుగారికి నోటీసు వచ్చినది. అభిమానులు రెండుగా చీలిరి. పాటకు ప్రాణము పోసిన గాయకుడే అనుమతి అడుగవలెనా అని కొందరు, స్వరకర్త శ్రమకు విలువ లేదా అని కొందరు వాదించారు. మన మట్టుకు ఇరుపక్షములలోను సత్యము కనబడుతున్నది. గొంతు లేకుండ ఆ పాటలు మన గుండెకు చేరేవి కావు. స్వరము లేకుండ ఆ గొంతునకు పని ఉండేది కాదు. బాలుగారు చట్టము అదే అయితే లోబడుతానని చెప్పి, ఇతరులు స్వరపరచిన పాటలతో తన కచేరీలు కొనసాగించారు. 2019లో ఇద్దరు మళ్ళీ ఒకే వేదిక మీద కనబడినప్పుడు ఎందరో ఊపిరి పీల్చుకొన్నారు. 2020 సెప్టెంబరు 25న బాలుగారు మనలను విడిచి వెళ్ళారు. స్నేహము ముందుగానే చక్కబడినది గదా అని మనము ఓదార్పు పొందుతున్నాము.

అదే బాలుగారు 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో మనకు ఒక మంచి అలవాటు చూపించారు. పిల్లలు పాడినవన్నియు ఇతరుల పాటలే. అయినను వ్రాసినది ఎవరు, స్వరపరచినది ఎవరు, మొదట పాడినది ఎవరు అనే సంగతులు ఆ కార్యక్రమములో గౌరవముగా ప్రస్తావనకు వచ్చేవి.

మనము చేయగలిగినది

ఇక మన సంగతి. డబ్బు తీసుకొనకుండ ఔత్సాహిక సంఘములు శ్రోతలకు వినిపించే పాటకు, మతసంస్థ మేలు కొరకు చేసే ప్రదర్శనకు మన కాపీరైటు చట్టము మినహాయింపు ఇచ్చినది. కాబట్టి మన కూడికలలో పాడుకొనే పాటలకు ఎవరును బిల్లు పంపరు. కాని చట్టము మాఫీ చేసినది రుసుమును మాత్రమే. కృతజ్ఞతను మాఫీ చేయుట ఏ చట్టమునకును సాధ్యము కాదు. రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు పన్నును, గౌరవమును ఒకే వరుసలో పెట్టి, రెండింటిని చెల్లించవలసినవిగానే చూపుతాడు. పన్ను కట్టినంత మాత్రాన గౌరవపు బాకీ తీరదు.

కనుక మూడు చిన్న పనులు చేయవచ్చును. మొదటిది, పాట పాడకముందు పేర్లు చెప్పుట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటతో పాటు రాగము, తాళము, రచయిత పేరు అచ్చువేయుట మనకు అలవాటైన పద్ధతే. పురుషోత్తము చౌధరి పేరు మన పిల్లలు చదువగలుగుట ఆ పద్ధతి వలననే. రెండవది, ఫోనులో పాట పంపునప్పుడు మళ్ళీ పాడిన పిల్లవాని పేరుతో పాటు కవి పేరు, స్వరకర్త పేరు ఒక వరుస వ్రాయుట. తెలియకపోతే ఇంటిలో పెద్దలను అడుగవలెను. ఆ అడుగుటలోనే తాతయ్యకును మనుమనికిని మాట కలుస్తుంది. మూడవది, కొత్తగా పాడినవారిని పోలికతో కొట్టకుండ వినుట. వారు ఘంటసాల కాదని వారికే బాగుగా తెలుసు.

ఘంటసాల 'పుష్పవిలాపం' పద్యములు పాడి ఇంటింటికి చేర్చారు. వ్రాసినవారు కరుణశ్రీ, అనగా జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు. ఘంటసాల పాడినందువలన కరుణశ్రీ కీర్తి తరుగలేదు, పెరిగినది. కరుణశ్రీ పేరు చెప్పినందువలన ఘంటసాల కీర్తియు తరుగదు. ఒకరి పేరు చెప్పుటకు మరియొకరి పేరు చెరుపనవసరము లేదు. ఈ వారము మన చేతికి వచ్చే పాటతోనే ఈ అలవాటు మొదలుపెడదాము.