ఏం తిన్నవంటే పప్పని చెప్పు

మా అమ్మ నల్ల వండిన రోజు బడికి పోయే ముందు మూడుసార్లు నోరు పుక్కిలించుమనేది. "ఏం తిన్నవంటే పప్పని చెప్పు బిడ్డా" అనేది. నల్గొండ జిల్లాలో ఊరి అవతల మా మాదిగవాడ. ఎవరింట్లో పెద్దకూర ఉడికినా, గాలి ఊరుదిక్కు కొట్టొద్దని మొక్కుకునేవాళ్లం. మెతుకు తినడానికి గాలిని బతిమాలుకున్నోళ్లం మేము. నేను మొదట నేర్చింది అక్షరమో అబద్ధమో ఇప్పటికీ చెప్పలేను.

2022లో పైచదువుకని దక్షిణ కొరియాలోని జిన్జు పట్నం పోయాను. ఆ ఊరి బిబింబాప్‌కు పెద్ద పేరు. అన్నం మీద కూరాకులు, పైన సన్నగా తరిగిన పచ్చి గొడ్డుమాంసం. పక్కన ఒక గిన్నెలో పులుసు. చెంచా పెట్టి కదిపితే నల్లటి ముక్కలు తేలినయి. నల్ల! గొడ్డు నెత్తురు గడ్డగట్టించి ఉడికించింది. సొంజీగుక్ అంటారు దాన్ని. పక్క బల్ల దగ్గర టై కట్టుకున్న ఉద్యోగులు, ముసలోళ్లు, చిన్నపిల్లలు అందరూ అదే జుర్రుతున్నారు. ఎవరూ తలుపులు వేసుకోలేదు. ఇంకో అంగట్లో పందిపేగులో నెత్తురు, సేమియా కూరి ఉడికించిన సూండె. కాలేజీ పిల్లలు రోడ్డు పక్కన నిలబడి తింటున్నారు. తప్పు తిండిలో లేదని మాకు ఎప్పుడో తెలుసు. కానీ తెలియడం వేరు, పదిమంది నడుమ బల్ల మీద చూడడం వేరు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

కొన్నాళ్లకు అక్కడ ఉద్యోగం చేసే ఒక తెలుగాయన భోజనానికి పిలిచాడు. ఏ ఊరు తమ్ముడూ, ఇంటిపేరేంది, ఊళ్లో మీ ఇల్లు ఎటుదిక్కు అని అడుగుతూ పోయాడు. "వీళ్లు నెత్తురు కూడా వండుకుంటారంట, ఛీ! నువ్వేం తింటున్నవ్?" అన్నాడు. "పప్పే అన్నా. రూంలో వండుకుంటున్న" అన్నాను. సముద్రాలు దాటొచ్చినా అమ్మ నేర్పిన జవాబే నోట్లోంచి ఊడిపడ్డది.

కొరియావాళ్లు నన్ను కులం అడగలేదు. అడగనిచోట చెప్పకపోవడం తప్పా? అడిగినచోట దాచుకోవడం తప్పా? ఆ చలికాలమంతా ఇదే ఆలోచన.

డిసెంబర్ 3 అర్ధరాత్రి, ఎముకలు కొరికే చలి. ఖతార్ ప్రపంచకప్‌లో కొరియాకు పోర్చుగల్‌తో మ్యాచ్. మేం పులుసంగట్లో టీవీ ముందర కూర్చున్నాం. అంగడి నడిపే ఆడమనిషిని అందరూ 'ఇమో' అంటారు, అంటే చిన్నమ్మ. నా పక్కన మిరపతోటలో కూలిచేసే నేపాలీ స్నేహితుడు. పోర్చుగల్ ముందే గోలు కొట్టింది, కొరియా సమం చేసింది. 90 నిమిషాలు దాటినంక, ముఖానికి నల్ల మాస్కు కట్టుకున్న సన్ హ్యుంగ్‌మిన్ ఆ కొస నుంచి బంతి తోలుకొచ్చి అందిస్తే, హ్వాంగ్ హీచాన్ గోలు కొట్టాడు. అంగడి అదిరిపోయింది. ముక్కూ మొహం తెలియని మనుషులు మా ఇద్దర్నీ కావలించుకున్నారు. ఒక ముసలాయన నా చెంపకు చెంప ఆనించి ఏడ్చాడు. ఘనా, ఉరుగ్వే ఆట ముగిసిందాకా ఒకరి చేతులొకరం పట్టుకునే ఉన్నాం. మా ఊళ్లో చెయ్యి తగలకుండా ఎత్తి నీళ్లు పోయించుకున్నోణ్ణి నేను. ఆ కౌగిలి విలువ నాకు తెలుసు.

కానీ తెల్లారితే బస్సులో నా పక్క సీటు మళ్లీ ఖాళీ. నా నేపాలీ స్నేహితుడు ప్లాస్టిక్ పందిళ్ల పక్కన ఇనుప డబ్బాలాంటి గదికి పోయాడు. యజమాని ఒప్పుకోనిదే పని మారడం కష్టం. 2020 డిసెంబర్‌లో పోచన్‌లో కంబోడియా కూలి ఒకామె అట్లాంటి పందిట్లోని బసలోనే గడ్డకట్టే చలిలో చచ్చిపోయింది. నేల కింద వేడిచేసుకునే ఇండ్ల దేశంలో! కులం అడగనంత మాత్రాన అందరూ సమానమైపోరు.

జిన్జులోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. కొరియాలోనూ అంటరానోళ్లుండేవాళ్లు. బెక్‌జొంగ్‌లు. పశువుల్ని కోసేవాళ్లు, తోళ్లపని చేసేవాళ్లు, గంపలల్లేవాళ్లు. 1894లో చట్టం ఆ వివక్షను కొట్టేసింది, కాగితం మీద. 1909లో ఈ ఊరి చర్చిలో వాళ్లతో కలిసి ప్రార్థన చేయమంటే మిగతా విశ్వాసులు లేచిపోయారు. మన ఊళ్ల చర్చిలు యాదికొస్తలేవా? 1923 ఏప్రిల్‌లో వాళ్లు ఇక్కడే హ్యంగ్‌ప్యంగ్‌సా అనే సంఘం పెట్టుకున్నారు. తక్కెడలాగా సరిసమానం అని ఆ పేరుకు అర్థం. మాంసం తూచిన చేతులే మనిషిని సరిగ్గా తూచమన్నాయి. అంబేద్కర్ మహద్ చెరువు నీళ్లు తాగింది ఆ తర్వాత నాలుగేండ్లకు, 1927లో.

ఇవాళ వాళ్ల మనవలెవరో పోల్చుకోవడం కష్టం. 1950–53 యుద్ధం ఊళ్లను చెల్లాచెదురు చేసింది, పట్నాలు మనుషుల్ని కలిపేసినయి. నేను కూడా అట్లా కలిసిపోతే పోలా అనిపించింది. కానీ వాళ్లు ఊరికే కలిసిపోలేదు. ముందు మేం ఫలానా అని బజార్లో నిలబడ్డారు. మన దగ్గర ఇంటిపేరు, ఊరిదిక్కు విమానమెక్కి వెంటొస్తాయి. అడిగేవాడు బతికున్నంతకాలం దాచుకోవడమంటే కులం పోవడం కాదు.

దాచుకునేవాళ్లను నేను తప్పుపట్టను. అద్దె ఇల్లు దొరకక, కొలువు నిలవక దాచుకుంటారు. అమ్మ చెప్పించిన అబద్ధమే నన్ను బడిలో నిలిపింది. పాపం అడిగినోనిది. అయినా ఆ అబద్ధం నాలో ఒక పని చేసింది. మా అమ్మ చేతి వంటను నా నోటితోనే కాదనిపించింది.

ఆ తెలుగాయన్ని అదే అంగడికి పిలిచాను. రెండు గిన్నెలు సొంజీగుక్ తెప్పించి, "ఇది మా ఇంటి కూర అన్నా. మేం మాదిగోళ్లం" అన్నాను. ఆయన గిన్నె ముట్టలేదు. తర్వాత ఫోనూ చేయలేదు. రెండు గిన్నెలూ నేనే తాగాను.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "నల్ల తిన్ననే అమ్మా, అందరి ముందర." అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"ఉప్పు సరిపోయిందా బిడ్డా?"