ఒళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి?

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యవే" అన్న మాట వినకుండా మన ఇళ్ళల్లో ఆడపిల్ల పెరగదు. పాలగిన్నె ఒలికినా అదే మాట. గడప తగిలి పడబోయినా అదే మాట. వీధిలో మగపిల్లాడితో నవ్వుతూ మాట్లాడినా అదే మాట. చెయ్యి జారడానికీ నడవడి జారడానికీ తెలుగులో ఒకటే హెచ్చరిక. శరీరం అదుపు తప్పిందంటే మనసు అదుపు తప్పినట్టేనని భాష మనకంటే ముందే తీర్పు చెప్పేసింది. మగవాళ్ళనీ ఈ మాట అంటారు. కానీ అది ఎక్కువగా తగాదాల్లో, బెదిరింపుగా. గ్లాసు పగిలినప్పుడు కాదు.

మరి ఎంత ప్రయత్నించినా ఒళ్ళు దగ్గరకు రాని మనిషి సంగతేమిటి?

మా పిన్ని కూతురు అలాంటి మనిషి. నూజివీడు దగ్గర మామిడి తోటలున్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఎం.ఏ. చదివింది. కూలీల లెక్కలు, లారీల లెక్కలు అన్నీ తనే చూస్తుంది. కానీ తలుపు గొళ్ళెం ఎప్పుడూ మోచేతికి కొట్టుకుంటుంది. గ్లాసు గట్టు మీద పెట్టాననుకుంటుంది, అది సగం గాలిలో ఉంటుంది. ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో మూత తీయాల్సి వస్తే రెండింట్లో ఒకటి కింద పడుతుంది. అలసిపోయిన రోజున ఇంకా ఎక్కువ. అత్తగారు వెనక నిలబడి చూస్తుంటే మరీ ఎక్కువ. కొడుకు చేతిరాత బాగాలేదని బళ్ళో చెబితే వాణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆవిడ పిల్లాడి గురించి అడుగుతున్న ప్రశ్నలన్నీ తన గురించే అడుగుతున్నట్టు అనిపించిందట. ముప్పై రెండేళ్ళ వయసులో తన చేతులకు ఒక పేరు దొరికింది, డిస్ప్రాక్సియా అని.

ఇది కండరాల బలహీనత కాదు, తెలివితక్కువతనం అసలే కాదు. చేయబోయే కదలికలను మెదడు వరసగా సిద్ధం చేసుకోవడంలో, చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలుసుకోవడంలో వచ్చే ఇబ్బంది. చిన్నప్పటి నుంచే ఉంటుంది, చాలామందిలో పెద్దయినా పోదు. బడి ఈడు పిల్లల్లో నూటికి అయిదారుగురికి ఉంటుందని వైద్యుల అంచనా. 1975లో దీని గురించి ఆస్ట్రేలియా నాడీవైద్యుడు గబ్బే రాసిన పుస్తకం పేరు 'ది క్లమ్జీ చైల్డ్'. తిట్టుగా వాడే మాటే వైద్యానికి పేరయింది. హ్యారీ పోటర్ సినిమాల నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకిది కొద్దిగా ఉందని, బూటు లేసులు కట్టుకోవడం ఇప్పటికీ కష్టమేనని 2008లో చెప్పినప్పుడు లోకం ముచ్చటపడింది. లేసులు కట్టుకోలేని మగవాడు ముద్దొస్తాడు. చారు వంచలేని కోడలు రాదు.

అమెరికా మానసిక వైద్యుల నిర్వచన గ్రంథం డి.ఎస్.ఎం.-5 ప్రకారం ఈ ఇబ్బంది ఒక అమ్మాయికి ఉంటే ఇద్దరి నుంచి ఏడుగురు అబ్బాయిలకు ఉంటుంది. నిజంగానే అబ్బాయిల్లో ఎక్కువ కావచ్చు. కానీ ఆటస్థలంలో బంతి వదిలేసిన అబ్బాయి నలుగురి కంట పడతాడనీ, వంటింట్లో గిన్నె వదిలేసిన అమ్మాయికి తిట్లతోనే సరిపోతుందనీ నాకు అనుమానం. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్ప్రాక్సియాని పేరు పెట్టి గుర్తించింది. సంతోషమే. అయితే దాన్ని చేర్చింది 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాల' కింద, చదవడం, రాయడం, లెక్కలు చేయడం అన్న నిర్వచనంలో. చట్టానికి కలం కనిపించింది, గరిటె కనిపించలేదు.

ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం మనలో చాలామందికి పరిచయమే. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు ఒళ్ళంతా ఎందుకు వాడదు? తన శరీరాన్ని కాపాడుకోవలసిన వస్తువుగా చూసుకోవడం నేర్పాం కాబట్టి, అంటుంది యంగ్. ఆ వాదన నాకెంతో ఇష్టం. కానీ మా చెల్లెలి దగ్గర అది కొంచెం ఆగిపోతుంది. పితృస్వామ్యం తీసేసుకున్న ఒడుపును తిరిగి తెచ్చుకోవడం యంగ్ ఆశ. తిరిగి తెచ్చుకోవడానికి మా చెల్లెలికి ఆ ఒడుపు మొదటినుంచీ లేదు. ఒడుపు లేని శరీరాన్ని కూడా స్త్రీ శరీరంగా లెక్కలోకి తీసుకున్నామా మనం?

ఇక నైతికమైన చిక్కు. 1962లో పీటర్ స్ట్రాసన్ ఒక వ్యాసంలో మామూలు సంగతే చెప్పాడు. పొరపాటున చెయ్యి తొక్కినా కావాలని తొక్కినా నొప్పి ఒకటే, కోపం మాత్రం ఒకటి కాదు. మనం కోపగించుకునేది ఎదుటి మనిషి ఉద్దేశం మీద. ఆ లెక్కన మా చెల్లెలి మీద ఎవరికీ కోపం రాకూడదు. నేను తనతో అదే అన్నాను, "నీ తప్పేం లేదే" అని.

"అలా అనకక్కా. తప్పు లేదంటే పనిలోంచి తీసేస్తారు. ఆ తర్వాత మాటలోంచి కూడా తీసేస్తారు" అంది.

ఈ జవాబు నన్ను చాలాకాలం పట్టుకుంది. బెర్నార్డ్ విలియమ్స్ చెప్పిన లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. తన తప్పేమీ లేకుండానే బండి కింద పిల్లవాడు పడి చనిపోతే, ఆ డ్రైవరు బాధ చూసేవాళ్ళ బాధలాంటిది కాదు. నా తప్పు కాదు కదా అని అతను ఇట్టే దులుపుకుని వెళితే మనమే అతన్ని అనుమానంగా చూస్తాం. జాడీకీ ప్రాణానికీ పోలిక లేదు, నిజమే. కానీ జరిగినదానితో తనకు సంబంధం ఉందని చెప్పుకునే హక్కు మనిషికి కావాలి. మా చెల్లెలు అడుగుతున్నది క్షమాపణ కాదు, బాధ్యత. నేరం ఒప్పుకోకుండా బాధ్యత తీసుకునే చోటు మన ఇళ్ళల్లో ఉందా? వంట తప్పితే అదృష్టమే కదా అని ఒక స్నేహితురాలు నవ్వింది. తను మానేసిన పని గాలిలో కలిసిపోదు. అత్తగారి మోకాళ్ళ మీదో, ఇంకో ఆడమనిషి జీతం మీదో పడుతుంది.

తోటలో లెక్క వేరు. మామిడికాయ నేలమీద పడితే దెబ్బ ఆ పూట కనబడదు. మగ్గేటప్పుడు ఆ చోట నల్లబడుతుంది, నున్న మార్కెట్లో ధర పోతుంది. అందుకని వెదురు గెడకు చిక్కం కడతారు. తెగిన కాయ అందులో పడుతుంది. సొన కారి తొక్క కాలకుండా ముచ్చికతో కోస్తారు. గంపలో గడ్డి పరుస్తారు. ఎంత నేర్పరి చేతికైనా చిక్కం ఇస్తారు. కాయ పడుతుందని ముందే అనుకుని చేసిన ఏర్పాటది. కోసేవాణ్ణి ఒళ్ళు దగ్గర పెట్టుకోమని వదిలేస్తే పంట మిగలదని రైతుకు తెలుసు. ఆ రైతు ఇంట్లోనే, వంటింటి గట్టుకు అంచు ఉండదు.

మా చెల్లెలు తన చిక్కాలు తనే కట్టుకుంది. ఆవకాయ పెద్ద జాడీ వాసెన కట్టి నేలమీదే ఉంటుంది, ఎత్తదు. వారానికోసారి కూర్చుని చిన్న సీసాలోకి తీసుకుంటుంది. గిన్నెలు సగానికే నింపుతుంది, వేడివి ఎత్తకుండా గట్టు మీద జరుపుతుంది. గట్టు చివర చెక్క పట్టీ కొట్టించింది. మిక్సీ కింద రబ్బరు చాప పరిచింది. మంచం కోళ్ళకు పాత గుడ్డ చుట్టింది. పొయ్యి దగ్గరున్నప్పుడు ఎవరూ పలకరించకూడదని ఇంట్లో చెప్పింది. దీనికే అందరికంటే ఎక్కువ గొడవయింది. కోడలు ఉలకదు పలకదు అని బంధువుల్లో పేరొచ్చింది.

ఇవన్నీ సొంత ఇల్లు, పలుకుబడి ఉన్నవాళ్ళకు సాగుతాయి. ఆ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి పోయిన వేసవిలో రెండు పింగాణీ కప్పులు పగలగొట్టింది. ఆమె చేతులను ఏ డాక్టరూ చూడలేదు, చూడరు కూడా. జీతంలో పట్టుకుంటానంది అత్తగారు. "నేను పగలగొట్టినవి ఎవరి జీతంలో పట్టుకున్నారత్తయ్యా?" అని అడిగింది మా చెల్లెలు.

ఆవిడ జవాబు చెప్పలేదు, డబ్బూ పట్టుకోలేదు. మర్నాడు మిగిలిన పింగాణీ కప్పులన్నీ అల్మరాలో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో వచ్చినవాళ్ళందరికీ స్టీలు గ్లాసుల్లోనే టీ.